తీతువు ఎందుకు అరుస్తుంది

వాక్య పఠనం: ద్వితీయోపదేశకాండము 22:6-7, మత్తయి 10:29-31, యోహాను 18:1-9

రాత్రి పదకొండు దాటాక ఇంటి మీదుగా తీతువు అరుచుకుంటూ పోతే మన ఊళ్లలో ఇప్పటికీ మాట ఆగిపోతుంది. "ఎవరికి మూడిందో!" అని పెద్దవాళ్లు గొణుక్కుంటారు. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇల్లయితే ఆ మాట కూడా పైకి అనరు, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకుంటారు. శకునాలు, ముహూర్తాలు ఏనాడో వదిలేశామని సాక్ష్యం చెప్పే విశ్వాసుల ఇళ్లలోనూ ఇంతే. రాహుకాలం చూడం, పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరగం, తీతువు కూత దగ్గర మాత్రం మన విశ్వాసం కాస్త తడబడుతుంది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో జబ్బుమనిషి పేరు రెండుసార్లు వస్తుంది.

ఈ రోజు ధ్యానానికి ఆ పిట్టనే తీసుకుందాం. దాని కూతకు భయపడేవాళ్లమే గాని, అది ఎందుకు కూస్తుందో చూడబోయినవాళ్లం తక్కువ.

తీతువు అరుదైన పక్షేమీ కాదు. చెరువు గట్టు మీద, దున్నిన చేలో, ఊరి బయట తుమ్మలు మొలిచిన బీటిలో జంటగా తిరుగుతూ కనిపిస్తుంది. పొడుగాటి పసుపు కాళ్లు, నల్లటి తల, నల్లటి రొమ్ము, కంటి వెనక నుంచి మెడ పక్కగా దిగే తెల్లటి పట్టీ, కంటి ముందు ఎర్రటి కండ, నల్ల మొనతో ఎర్రటి ముక్కు. కొన్ని ఊళ్లలో చితవ అంటారు. రాళ్లూ రప్పలూ ఉన్న మెట్టభూముల్లో దీని దాయాది ఒకటుంది. దానికి కంటి ముందు పసుప్పచ్చటి కండ వేలాడుతుంది. రెండిటికీ చెట్టు మీద గూడు కట్టే అలవాటు లేదు. తిండి నేల మీద, విశ్రాంతి నేల మీద, గుడ్లు నేల మీద. పైగా రాత్రిపూట కూడా మేలుకుని తిరుగుతాయి, వెన్నెల రోజుల్లో మరీ. కుక్క వచ్చినా, నక్క వచ్చినా, నీళ్లు కట్టడానికి రైతు టార్చిలైటు వేసుకుని వచ్చినా తీతువు లేచి ఊరంతా వినపడేలా అరుస్తుంది. వేటగాళ్లకు ఈ పిట్టంటే ఒళ్లుమంట. దీని కేకకు చుట్టుపక్కల జంతువులన్నీ చెవులు నిక్కిస్తాయి, చిక్కాల్సిన వేట చెదిరిపోతుంది. కాబట్టి నడిరాత్రి మన కప్పు మీదుగా పోయిన కేకలో మన ఇంటి ప్రసక్తే లేదు. ఊరి బయట దాని చోటికి, చాలాసార్లు దాని గుడ్ల దగ్గరికో పిల్లల దగ్గరికో, ఎవరో వెళ్లారు.

మార్చి నుంచి ఆగస్టు దాకా అవి గుడ్లు పెట్టే కాలం. అంటే మన ఎండలు ముదిరే రోజులు కూడా అందులోనే. గూడు అని పిలవడానికి అక్కడేమీ ఉండదు. రొమ్ము ఆనించి, కాళ్లతో గీరి చేసిన చిన్న గుంట. దాని అంచున గులకరాళ్లు, మట్టిపెళ్లలు, ఎండిన మేక పెంటికలు. మధ్యలో సాధారణంగా నాలుగు గుడ్లు, సన్నటి మొనలు లోపలికి తిరిగి ఒద్దికగా సర్దుకుని ఉంటాయి. మట్టిరంగు పెంకు మీద నల్లటి మచ్చలు. మూడడుగుల దూరంలో నిలబడి వేలు పెట్టి చూపించినా పక్కవాడికి కనపడవు. కనపడ్డాక కూడా ఒకసారి చూపు పక్కకు తిప్పితే మళ్లీ మొదటినుంచి వెతుక్కోవలసిందే. కేరళ తీరంలోని ఎర్రటి లాటరైట్ నేలల్లో పసుపు తీతువు గుడ్లు కూడా ఎర్రచాయలో ఉండటం పక్షిశాస్త్రజ్ఞులు రాసిపెట్టారు. నేలలో కలవని గుడ్డు కాకి పాలవుతుంది, కలిసిన గుడ్డు పిల్లవుతుంది. అలా తరతరాలుగా ఆ నేల రంగే గుడ్డు మీదకు ఎక్కింది. రైలు పట్టాల మధ్య కంకరలోనూ, డాబాల మీదా కూడా తీతువులు గుడ్లు పెట్టిన సందర్భాలున్నాయి.

దేవుడు కాపాడతాడు అనగానే మనకు కోట, కొండ, బురుజు గుర్తొస్తాయి. కీర్తనల్లో అవన్నీ ఉన్నాయి, నిజమే. తీతువుకు మాత్రం ఆయన కోట ఇవ్వలేదు, నేల రంగు ఇచ్చాడు. బట్టబయట, నలుగురూ తొక్కే చోట, ఎవరి కంటా పడకుండా ఉండే వరం అది. మనలో ఎంతోమంది విశ్వాసులు ఇలా గడుపుకొచ్చినవాళ్లే. వాళ్లకు జరిగిన అద్భుతాలేమిటని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఏ పేపర్లోనూ పడలేదు, ఏ సభలోనూ సాక్ష్యం చెప్పలేదు, కానీ పిల్లలు పెద్దవాళ్లయ్యారు.

ఇక ఎండ సంగతి. పొదగడమంటే వెచ్చబెట్టడమని కోడిని చూసి మనం అనుకుంటాం. మే నెల మధ్యాహ్నం బీటినేల మీద చెప్పుల్లేకుండా నిలబడితే తెలుస్తుంది, అక్కడ గుడ్డుకు కావలసింది వేడి కాదు, నీడ. ఆ వేళ తీతువు గుడ్ల మీద ఒత్తి కూర్చోదు, వాటిపై తన నీడ పడేలా నిలబడి, నోరు తెరుచుకుని రొప్పుతుంది. ఈలోగా జంటలో రెండోది నీళ్ల దగ్గరికి వెళుతుంది. చెరువు అంచునో కాలువ పక్క మడుగులోనో కూలబడి, పొట్ట కింది ఈకలు నానేదాకా అటూ ఇటూ కదులుతుంది. నీళ్లు కారుతున్న పొట్టతోనే తిరిగి వస్తుంది. మొదటిది లేస్తుంది, ఇది తడి ఈకలతో గుడ్ల మీద సర్దుకుంటుంది. ఇప్పుడు నీళ్లకు పోవడం దాని వంతు. తల్లీ తండ్రీ ఇలా వంతులు వేసుకుని దాదాపు 28 నుంచి 30 రోజులు ఆ గుడ్లు ఉడికిపోకుండా కాపాడుకుంటాయి.

ఆకాశపక్షులను పరలోకపు తండ్రి పోషిస్తాడని మనం తరచూ చెప్పుకుంటాం, చెప్పి ఊరుకుంటాం. ఆ పోషణ ఎలా ఉంటుందో ఈ తడిసిన పొట్ట దగ్గర తెలుస్తుంది. తండ్రి ఆ గుడ్ల మీద మేఘాన్ని తెచ్చి నిలబెట్టలేదు. చెరువులో నీళ్లు పెట్టాడు, పిట్టకు ఈకలు పెట్టాడు, ఆ రెండింటి మధ్య తిరిగే ఓపిక పెట్టాడు. చింతపడవద్దని చెప్పేటప్పుడు ప్రభువు మనకు చూపించింది పొద్దస్తమానం ఇలా రొప్పుతూ తిరిగే ప్రాణులనే. ఆ వాక్యం పట్టుకుని సోమరిపోతులయ్యేవాళ్లు పక్షిని ఒక్క పూటైనా చూసి ఉండరు.

శత్రువును బట్టి దీని ఎత్తు మారుతుంది. మనిషి వస్తున్నాడంటే దూరం నుంచే పసిగట్టి, గుడ్ల మీద నుంచి చప్పుడు చేయకుండా లేచి, తల వంచుకుని గబగబా నడిచి, ఇంకో చోటికి పోయి అక్కడి నుంచి ఎగిరి అరుపులు మొదలుపెడుతుంది. మనిషి ఆ అరుపు వెంట పోతాడు, గుడ్లు వెనకబడిపోతాయి. గేదో మేకో మేస్తూ వచ్చిందనుకోండి, ఆ ఎత్తు పనికిరాదు. పశువుకు గుడ్డు మీద ఆశ లేదు, కానీ గిట్ట పడితే చాలు. అందుకని తీతువు అక్కడి నుంచి కదలదు. పావుకిలో కూడా తూగని పిట్ట, రెక్కలు రెండూ విప్పి గేదె మూతికి ఎదురు నిలబడుతుంది. అడుగడుగునా గడ్డి చూసుకుంటూ వచ్చే గేదె ఈ గోల భరించలేక పక్కకు తప్పుకుంటుంది. కాకో గద్దో పైనుంచి వస్తే జంట రెండూ లేచి తరుముతాయి. కుక్క వచ్చినప్పుడు దెబ్బ తగిలినట్టు నటించి దాని ఆశను తమ మీదకు మళ్లించుకోవడం కూడా వీటికి తెలుసు.

పిల్లలు పుట్టిన కొన్ని గంటల్లోనే గుంట వదిలి నడక మొదలుపెడతాయి. తిండి అవే ఏరుకుంటాయి. పెద్దపిట్ట ఒక్క కేక వేసిందా, ఎక్కడివక్కడ నేలకు అతుక్కుపోతాయి. మీ కాలి పక్కనే ఉన్నా రాయనుకుంటారు. కూత మారేదాకా కదలవు. మనకు చావు కబురుగా వినిపించే కేకే ఆ పిల్లలను బతికిస్తున్నది.

మన పెద్దలకు ఈ పిట్ట సంగతి తెలియక కాదు. పంచతంత్రంలో తన గుడ్లు ఎత్తుకుపోయిందని ఏకంగా సముద్రం మీదే పోరుకు దిగిన టిట్టిభం కథ ఈ పిట్టదే. అంత పౌరుషం గల పిట్టకు అపశకునమన్న ముద్ర ఎప్పుడు పడిందో గాని, పడింది. పిట్టతో ఆగలేదు కూడా. భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే ఆగిపోయే ఊళ్లు ఇవే. సంఘాల్లో అలాంటివి లేవని అనుకుందామంటే, చర్చిలో పెళ్లికి ముందు ఇంట్లో నలుగు పెట్టేటప్పుడు చూడండి. పెళ్లికూతురి తల్లి విధవరాలైతే గుమ్మం పక్కన నిలబడి ఉంటుంది. ఎవరూ పొమ్మనరు, ఎవరూ రమ్మనరు.

తీతువుల సంగతులు ఇంత వివరంగా తెలియడానికి వాటిని చంపకుండా చూసినవాళ్లు కారణం. ఒకప్పుడు పక్షిశాస్త్రమంటే చాలావరకు తుపాకీతో కాల్చి, చర్మం ఒలిచి, గుడ్లు పోగేసి పెట్టెల్లో దాచుకోవడమే. బ్రిటన్‌లో పుట్టి 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త, పక్షులను హింస లేకుండా ఎలా అధ్యయనం చేయవచ్చో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో పనిగట్టుకుని వ్యాసం రాశాడు. ఆయన భార్య హెలెన్ స్పర్వే, సహచరుడు సురేశ్ జయకర్ కలిసి పసుపు తీతువు ఎండాకాలంలో గుడ్లను ఎలా కాపాడుకొస్తుందో ఓపికగా చూసి 1960లలో ప్రచురించారు. హాల్డేన్ దేవుణ్ణి నమ్మినవాడు కాదు. అయినా పక్షి గూటి దగ్గర ఎలా మసలుకోవాలన్న విషయంలో ఆయన మోషే ధర్మశాస్త్రానికి మనలో చాలామంది కన్నా దగ్గరగా నడిచాడు.

ఎందుకంటే ధర్మశాస్త్రంలో నిజంగానే పక్షి గూటికి ఒక ఆజ్ఞ ఉంది. ఈ రోజు మనం చదివిన భాగం అదే. దారిన పోతుంటే గూడు కనపడుతుంది. చెట్టు మీదిదైనా సరే, నేల మీదిదైనా సరే అని వాక్యం ప్రత్యేకంగా చెబుతుంది. తల్లి పిల్లల మీదో గుడ్ల మీదో కూర్చుని ఉంటుంది. అప్పుడు పిల్లలను తీసుకుంటే తీసుకోవచ్చు గాని తల్లిని వాటితో పాటు పట్టుకోకూడదు, దాన్ని వదిలిపెట్టాలి. అలా చేస్తే మేలు కలుగుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. ఈ వాగ్దానం ఎక్కడో విన్నట్టుంది కదూ? తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞకు ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయంలో ఇచ్చిన వాగ్దానమూ ఇదే. యూదుల రబ్బీలు పక్షిగూటి ఆజ్ఞను తేలికైన ఆజ్ఞగా లెక్కించారు. చేతి నుంచి పైసా ఖర్చు లేదు, బలి లేదు, ప్రయాణం లేదు. చేయి వెనక్కి తీసుకోవడమే. అంత తేలికైనదానికి అంత బరువైన ఆజ్ఞతో సమానంగా ఆయుష్షు కట్టబెట్టాడు దేవుడు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మామూలుగా పెద్దపక్షి చేతికి చిక్కుతుందా? చెరువు గట్టు మీద మేస్తున్న తీతువును పట్టుకోవడానికి ప్రయత్నించి చూడండి. పది గజాల దూరంలోనే లేచిపోతుంది. మరి గుడ్ల మీద ఉన్నప్పుడు గేదె మూతికి ఎదురుగా ఎందుకు నిలబడింది? దానికి రెక్కలు లేకనా? తల్లి కాబట్టి నిలబడింది. తల్లిపక్షి మనిషి చేతికి చిక్కే సమయం ఏదైనా ఉందంటే అది ఇదొక్కటే. దాని చేతకానితనం వల్ల చిక్కదు, దాని ప్రేమ వల్ల చిక్కుతుంది. ఆ ప్రేమను ఉచ్చుగా వాడుకోవద్దని దేవుడు అంటున్నాడు. ఆవునూ దాని దూడనూ ఒకే రోజు వధించవద్దని లేవీయకాండం 22:28లో చెప్పినవాడు ఆయనే. ఆకలిగొన్న బాటసారికి పిల్లలను తీసుకోవడానికి సెలవిచ్చాడు, పేదవాడి కడుపు ఆయనకు తెలుసు. కానీ పిల్లల కోసం ఎగిరిపోకుండా నిలబడ్డ ప్రాణిని, అలా నిలబడింది కదా అని, పట్టేసుకోవడం ఆయన ఎదుట దొంగతనం కన్నా హీనమైన పని.

ఈ వెలుగులో మన ఇళ్లను చూసుకుంటే ఇబ్బందిగా ఉంటుంది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన తల్లులను తలుచుకోండి. జీతం రెండు నెలలు ఆపినా, నిద్ర నాలుగు గంటలకు కుదించినా నోరెత్తనివాళ్లు ఎంతమందో. ఊళ్లో కూతురి కాలేజీ ఫీజు ఉంది కాబట్టి ఎగిరిపోరని యజమానికి తెలుసు. కువైట్ దాకా ఎందుకు, మన ఇంట్లో గిన్నెలు తోమే అమ్మ జీతం పెంచమని అడిగితే మనం మనసులో అనుకునే మాట ఏమిటి? "ఎక్కడికి పోతుందిలే." పిల్లల ముఖం చూసి కాపురంలో ఓర్చుకుంటున్న కోడలి గురించి అత్తగారు అనే మాటా అదే. సంఘంలో సండేస్కూలు, ఊడవడం, క్రిస్మస్ వంట అన్నీ ఒకే సహోదరి మీద ఏళ్లతరబడి పడుతుంటే కమిటీలో అనుకునే మాటా అదే. ఆమె ఎక్కడికీ పోదు. ఆమెకు ఆ పిల్లలంటే ప్రేమ. ఆ ప్రేమే మనకు వాటం. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం మీద ప్రసంగాలు అంతగా వినపడవు. వినపడి ఉంటే ఈ మాట అనడానికి నోరు రాకపోయేది.

అయితే ఈ ఆజ్ఞ పాటిస్తే అంతా సుఖాంతమేనా? ఆ మాట నేను చెప్పలేను. తీతువు అంత కాపలా కాసినా గుడ్లన్నీ పిల్లలు కావు. ఒక అధ్యయనంలో నూటికి 40కి పైగా గుడ్లు ముంగిసలకూ కాకులకూ గద్దలకూ పోయాయని తేలింది. మనుషుల సంగతీ అంతే. యూదుల తల్మూదులో ఒక కథ ఉంది. తండ్రి కొడుకును పిలిచి మేడ ఎక్కి గూటిలోని పిల్లలను తెమ్మన్నాడు. కొడుకు తండ్రి మాట విన్నాడు, పైకెక్కి తల్లిపక్షిని వదిలిపెట్టాడు, అంటే ఆయుష్షు వాగ్దానం ఉన్న రెండు ఆజ్ఞలూ ఒకేసారి నెరవేర్చాడు. దిగేటప్పుడు జారిపడి చనిపోయాడు. ఆ దీర్ఘాయువు రాబోయే లోకంలోనిదని ఒక రబ్బీ అన్నాడు. ఇలాంటిదే చూసి ఎలీషా బెన్ అబూయా అనే పండితుడు విశ్వాసమే వదులుకున్నాడని ఇంకో మాట ఉంది. ఆ కుర్రాడి తల్లి ఎదుట నిలబడి మొదటి జవాబు చెప్పాలంటే నాకు నోరు రాదు. రెండోది చెప్పలేను.

ప్రభువు పిచ్చుక గురించి మాట్లాడినప్పుడు ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో జాగ్రత్తగా చూడండి. పిచ్చుక నేల రాలదని ఆయన చెప్పలేదు. రాలేటప్పుడు తండ్రికి తెలియకుండా రాలదన్నాడు. మత్తయిలో కాసుకు రెండు పిచ్చుకలు, లూకాలో రెండు కాసులకు అయిదు. నాలుగింటికి వెల కడితే అయిదోది కొసరు. బజారులో కొసరుగా పడేసిన ఆ పిట్ట కూడా దేవుడి లెక్కలో ఉంది. తీతువు గుంటలో పగిలిన పెంకు దగ్గర నాకు ఆసరా ఈ మాటే. ఇది ఎందుకు జరిగిందన్నదానికి జవాబు కాదు, ఎవరు చూస్తున్నారన్నదానికి జవాబు. చాలాసార్లు మనకు దొరికేది ఆ రెండోదే.

ప్రభువు అక్కడితో ఆగలేదు. యెరూషలేమును గురించి బాధతో మాట్లాడినప్పుడు, పిల్లలను రెక్కల కింద పోగేసుకునే కోడితో తనను పోల్చుకున్నాడు. ఆ తర్వాత కొన్ని రోజులకే గెత్సేమనే తోటలో దివిటీలతో, కత్తులతో మనుషులు వచ్చారు. ఎగిరిపోవడానికి ఆయనకు దారి లేక కాదు. అడిగితే తండ్రి దేవదూతల సేనలనే పంపుతాడని ఆ రాత్రే పేతురుతో చెప్పాడు. అయినా ఎదురు వెళ్లి ఎవరి కోసం వచ్చారని అడిగాడు. తన కోసమే అయితే వీళ్లను పోనివ్వండని శిష్యులను చూపించాడు. ధర్మశాస్త్రం పిల్లలను తీసుకుని తల్లిని వదలమంది. ఆ తోటలో అది తిరగబడింది. నన్ను పట్టుకోండి, పిల్లలను వదలండి అన్నది ఆయన వరస. వచ్చినవాళ్లను పంపినవాళ్లకు ధర్మశాస్త్రం కంఠస్థం. పక్షికి చూపించమన్న కనికరం కూడా ఆయనకు చూపించలేదు. శిష్యులు చీకట్లో పడి పారిపోయారు, బతికారు. ఆయన రెక్కలు మాత్రం సిలువ మీద విప్పి ఉన్నాయి.

కాబట్టి ఈ రోజు మనకు ఎదురయ్యే తల్లులలో ఎవరు ప్రేమకు కట్టుబడి మన చేతికి చిక్కి ఉన్నారో ఒక్కసారి చూసుకుందాం. జీతం పెంచవలసి ఉంటే పెంచుదాం. బరువు పంచుకోవలసి ఉంటే పంచుకుందాం. నలుగు పీట దగ్గర గుమ్మం పక్కన నిలబడ్డ తల్లి ఉంటే మొదటి పసుపు ఆమె చేతనే పెట్టిద్దాం. ఎవరైనా ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

ప్రార్థన: ప్రభువా, మా కాళ్ల దగ్గర ఉన్నది చూసే కళ్లు ఇవ్వు. పరాయి దేశంలో ఇంకొకరి పిల్లలను సాకుతూ సొంత పిల్లల కోసం ఓర్చుకుంటున్న తల్లులకు తోడుండు, వాళ్ల కూలి వాళ్ల చేతికి చేర్చు. పిల్లలు పోయిన ఇళ్లలో మా మాటలు అదుపులో పెట్టు, నీ సన్నిధి మాత్రం అక్కడ ఉంచు. రాత్రి కేక వినగానే మా ప్రాణం కోసం కాక, ఆ కేక ఎవరి కోసమో వాళ్ల కోసం అడగడం నేర్పు. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.

చివరగా ఒక మాట. ఈ వేసవిలో మీ పొలంలోనో మీరు నడిచే దారిలోనో తీతువు మీ తల మీద తిరుగుతూ అరిస్తే, దాని గుడ్లకో పిల్లలకో దగ్గరలో ఉన్నారనుకోండి. ఆగి, కాళ్ల దగ్గర చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి. ఫోను తీసి ఫోటో కోసం దగ్గరికి పోవద్దు, మీరు అక్కడ నిలబడినంతసేపూ గుడ్లు ఎండలో ఉంటాయి. గుర్తుగా కర్ర పాతవద్దు, కాకి ఆ కర్రనే గుర్తు పెట్టుకుంటుంది. ట్రాక్టరు తోలే అబ్బాయికి ముందే చెప్పి, ఆ గుంట చుట్టూ మంచమంత నేల దున్నకుండా వదిలేయమనండి. నెల తిరిగేసరికి ఆ జాగా మళ్లీ మీ చేతికి వస్తుంది.